నడుము పడిన కుక్క – ఇల్లాలి పరిచర్య



ఈ మాసమున నిమ్మకాయ ఊరగాయలనుగూర్చి వ్రాయవలెనని తలంచియుంటిని. ఇంతలో తెనాలినుండి ఒక సోదరి వ్రాసిన జాబు నా సంకల్పమును మార్చినది. "ఎవరో వీధిలో విడిచిపోయిన కుక్కను చేరదీసితిమి. మూడు దినములనుండి అది వెనుకకాళ్లను ఈడ్చుచున్నది. దీనికింక బాగుపడు యోగము లేదు, ఎక్కడనైన విడిచిరమ్మని ఇంటివారు చెప్పుచున్నారు. నేనేమి చేయుదును?" అని ఆమె యడిగినది. ఇట్టి యాపదలో మాసపత్రికకై ఎదురుచూచుట తగదు గనుక, నేడే పశువైద్యునొద్దకు గొనిపొండని ఆమెకు వెంటనే వేఱుగా తెలిపితిని. అయినను ఆమె ప్రశ్న పలువురకు కలుగదగినది. ఈ విషయమున నాకు కొంత యనుభవము కలదు. ఆ యనుభవములో నేను చేసిన యొక తప్పును కలదు. రెండింటిని దాచక చెప్పెదను.

2022వ సంవత్సరము శ్రావణమాసమున, కాకినాడలో ఎడతెగని వానలు కురియుచుండగా, మా వీధి గుమ్మమునొద్ద ఒక కుక్క ముడుచుకొని పండుకొనియుండెను. పొడవైన నడుము, జానెడు కాళ్లు, బెల్లపుముక్కవంటి వన్నె. మెడచుట్టు పట్టెడ యొరసికొన్న గుఱుతు కనబడుచుండుటచే అది యొకప్పుడు ఎవరియింటనో పెరిగినదని తెలిసినది. నాలుగు వీధులలో విచారించితిమి. మాదని చెప్పువారు లేరైరి. పెంచినదానిని ఆకలిదప్పులకు గుఱియగునట్లు విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టముచొప్పున నేరమే. కాని చట్టము మా గుమ్మములో తడియుచున్న ప్రాణికి అన్నము పెట్టదు గదా!

మా అత్తగారికి మడి, ఆచారము మెండు. "కుక్క ఇల్లు సొచ్చినచో నా మడి యెట్లు సాగునే అమ్మాయీ?" అని ఆమె విసుగుకొనిరి. తుదకు వంటయింటి గడప దాటరాదను నియమముపై, వీథి అరుగుమీద దానికి చోటు దొరకినది. పిల్లలు దానికి "బెల్లము" అని పేరు పెట్టిరి. వైద్యుడు చూచి, ఇది డాషుహౌండు జాతిదనియు, ఐదేండ్లుండుననియు చెప్పి, పిచ్చికుక్కరోగము రాకుండ టీకా వేసి పంపెను.

మూడు మాసములు సుఖముగా గడచినవి. ఒకనాటి యుదయమున బెల్లము అన్నమునకు రాలేదు. వీపు విల్లువలె వంచుకొని, మూలనిలిచి వణకుచుండెను. ఎత్తబోగా కెవ్వున నఱచెను. పొట్ట తడవి చూడగా బిఱ్ఱబిగిసియున్నది. కడుపునొప్పి కాబోలునని తలంచి పలుచని మజ్జిగ పోసి ఆ దినమెల్ల ఊరకుంటిని. ఇది పలువురు చేయు పొరపాటే. వెన్ను నొచ్చునపుడు కుక్క పొట్టకండలను బిగించును. చూచువారు అజీర్ణమని భ్రమింతురు.

మఱునాడు వైద్యుడు పరీక్షించి, "ఇది వెన్నుపూసల బాధ, నొప్పికి మందిచ్చుచున్నాను. మందుకన్న ముఖ్యము విశ్రాంతి. నాలుగు వారములు దీనిని గూటిలో నుంచవలెను. పరుగు, దుముకు, మెట్లు కూడవు" అని గట్టిగా చెప్పెను. రెండు మోతాదులతో బెల్లము లేడిపిల్లవలె నయ్యెను. గూటి కమ్ములను గీరుచు నావంక జాలిగా చూచుచుండెను. ఇంత చిన్న ప్రాణిని చెరలో నుంచుట పాపముకాదా యని నా మనస్సు కరగి, ఐదవనాడు తలుపు తీసితిని. అది ఒక్క పరుగున లోనికిపోయి పిల్లల మంచముపైకి దుమికెను. ఒక్క కేక! సాయంకాలమునకు వెనుకకాళ్లు రెండును తడిగుడ్డలవలె వ్రేలాడినవి.

మందు నొప్పిని అణచినదేగాని లోని గాయమును మాన్పలేదు. నొప్పియే ఆ ప్రాణిని కదలకుండ కాపాడుచుండినది. ఆ కావలిని మందుతో తొలగించి, దాని స్థానమున నేను కావలి నిలువనైతిని. ఈ తప్పు మరెవ్వరును చేయకుందురుగాక యనియే ఈ వ్యాసము.

వెన్నులో ఏమి జరుగును?

కుక్కకు మెడలో 7, వీపున 13, నడుమున 7 వెన్నుపూసలుండును. మెడలోని మొదటి రెండింటి నడుమ దక్క, తక్కిన పూసల సందులందు ఒక్కొక్క మెత్తని బిళ్ల కలదు. ఆ బిళ్లను తాటిముంజెతో పోల్చవచ్చును. పైన గట్టి నారపొరలు, లోపల నీటితో కూడిన జిగురు. ఎగిరినను దుమికినను ఎముకకు ఎముక తగులకుండ ఈ ముంజెలే కాపాడును. వాని మీదుగా, పూసల నడిమి సొరంగములో, మెదడునుండి తోకవఱకు వార్తలు గొనిపోవు వెన్నుపాము సాగును.

డాషుహౌండువంటి పొట్టికాళ్ల జాతులలో ఈ ముంజె చిన్నతనముననే ఎండి సున్నపుముద్దవలె గట్టిపడును. అట్టిది ఒకనాడు పైపొరను చీల్చుకొని వెన్నుపామును క్రిందినుండి మొత్తును. ప్రక్కటెముకలు ముగిసి నడుము మొదలగు తావుననే ఇది ఎక్కువగా జరుగును. అందుచే ముందుకాళ్లు బాగుగనే యుండి వెనుకకాళ్లు పడిపోవును. ఈ బిళ్లలవ్యాధిని స్వీడను దేశపు పశువైద్యుడు హాన్సెను 1952లో రెండు విధములుగా విభజించెను. పొట్టిజాతులలో నడివయస్సున హఠాత్తుగా వచ్చునది మొదటిది; పెద్దజాతులలో ముసలితనమున మెల్లమెల్లగా బిళ్ల ఉబ్బుటవలన కలుగునది రెండవది. బిళ్ల ఇట్లు ముందుగా ఎండుటకు కారణమైన జన్యువును 2017లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఈ కుక్కను జర్మనులు నేలబొరియలలో దాగు బాడ్జరు అను మృగమును వేటాడుటకై పెంచిరి. పొట్టికాళ్లు బొరియలో దూరుటకు పనికివచ్చినవి. ఆ పొట్టితనముతోపాటు వెన్నుబలహీనతయు వంశమున వచ్చినది. కావున పొడవైన నడుమును చూచి ముచ్చటపడి కొనువారు, దాని వెనుకనున్న బాధనుకూడ కొనుచున్నామని యెఱుగవలెను.

ఆనాటి రాత్రి

కాళ్లు పడిన సాయంకాలమే వైద్యునొద్దకు పరుగెత్తితిమి. అతడు ఇనుప పటకారుతో వెనుకకాలి వ్రేలిని గట్టిగా నొక్కెను. బెల్లము చటుక్కున తల త్రిప్పి అఱచెను. వైద్యుని ముఖము వికసించినది. "కాలు లాగికొనుట చాలదమ్మా, అది వెన్నుపాము తనంతట చేయు పని. తల త్రిప్పి అఱచినచో నొప్పి మెదడువఱకు పోయినదన్నమాట. దీనికి ఆశ యున్నది" అనెను. ఆ నొప్పి తెలియుచున్నంతవఱకు శస్త్రచికిత్సచే పెక్కు కుక్కలు మరల నడచును. అదియు తెలియనిచో, శస్త్రము చేసినను ఇంచుమించు సగమే కోలుకొనును. ఆలస్యమైనకొలది ఆశ తగ్గును.

శస్త్రచికిత్స మా యూరిలో లేదు. హైదరాబాదు పోవలెను, అచ్చట ఎమ్మారై తీయింపవలెను, వ్యయము మా పెద్దవాని కళాశాల రుసుమునకు సమానము. ఆ రాత్రి మా వారును నేనును అరుగుమీద కూర్చుండి చాలసేపు మాటాడుకొంటిమి. నా తప్పునకు పిల్లవాని చదువు మూల్యము కావలెనా? ధనము లేదని ఆ ప్రాణిని విడిచివేయవలెనా? వైద్యుడు నిష్పక్షపాతముగా చెప్పెను: శస్త్రమే మేలు, చేయింపలేనిచో, నొప్పి తెలియుచున్న కుక్కలలో సగముకన్న ఎక్కువయే కఠినమైన విశ్రాంతిచేతనే తేఱుకొనును. కాని ప్రతిదినము కాలివ్రేలిని పరీక్షింపవలెను. నొప్పి తెలియుట తగ్గినచో ఒక్క పూటయు జాగుచేయరాదు. మేము విశ్రాంతి మార్గమునే యెన్నుకొంటిమి. శక్తిగలవారు మొదటి దానినే యెన్నుకొనవలెనని నా మనవి. శక్తిలేనివారు తమ్ముతాము నిందించుకొనక, రెండవదానిని సగముగాక సంపూర్ణముగా చేయవలెను.

పరిచర్య

గూడు: కుక్క నిలిచి, తిరిగి, కాళ్లుచాపి పండుకొనుటకు చాలినంత యుండవలెను, అంతకు మించరాదు. మేము పిల్లల పాత ఊచల తొట్టిని దింపి దాని క్రింద మందమైన బొంతయు, దానిపై రబ్బరుగుడ్డయు, పైన పాత నూలుచీర మడతయు పఱచితిమి. చీరను తడిసినప్పుడెల్ల మార్చితిమి. గూటిని మనుష్యులు తిరుగు చోటనే యుంచుడు. ఒంటరితనమున అది దిగులుతో పెనుగులాడును.

ఎత్తుట: చంటిబిడ్డనువలె చంకలు పట్టి ఎత్తరాదు. ఒక చేయి ఱొమ్ముక్రింద, ఒక చేయి పిఱుదులక్రింద నుంచి, వీపు నేలకు సమానముగా నుండునట్లు ఎత్తవలెను. నడిపించునపుడు నడుముక్రింద మెత్తని పట్టీ వేసి వెనుకభాగమును పైకి పట్టుకొనవలెను. మెడపట్టెడకు మాఱుగా ఱొమ్ముచుట్టు కట్టు పట్టీ వాడవలెను.

మూత్రము: ఇది అన్నిటికన్న ముఖ్యము. కాళ్లు పడిన కుక్క పక్క తడుపుచున్నచో మూత్రము చక్కగా పోవుచున్నదని అనుకొనరాదు. నిండిన కుండనుండి పొరలినట్లు, మూత్రాశయము నిండి పొరలిపోవుచుండవచ్చును. అట్టిదానికి దినమునకు మూడు నాలుగు మాఱులు మెల్లగా నొక్కి మూత్రమును వెడలింపవలెను. ఈ నేర్పును వైద్యుని యెదుట, ఆయన చేతిక్రింద మీ చేయి యుంచి నేర్చుకొనుడు. గ్రంథము చదివి చేయరాదు. మూత్రము దుర్వాసన కొట్టినను, కలకబాఱినను, ఎఱ్ఱనైనను వెంటనే చూపవలెను. చేతులకు తొడుగులు ధరించి, పిమ్మట సబ్బుతో కడుగుకొనవలెను.

ఒరపుపుండ్లు: నాలుగైదు గంటల కొకమాఱు ప్రక్క మార్చవలెను. తుంటి, మోచేయి, మడమ – ఈ తావులలో వెండ్రుకలు రాలినను చర్మము ఎఱ్ఱబడినను జాగ్రత్తపడుడు. ఆ భాగములను పొడిగా నుంచుట పుండ్లు రాకుండ చేయు మొదటి ఉపాయము.

మందులు: మన యింటిలో తలనొప్పికి, ఒడలినొప్పికి వాడు మాత్రలను కుక్కకు ఈయనే కూడదు. ఐబుప్రొఫెను కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెఱచును. పారాసిటమాలు కాలేయమునకు హాని చేయును. ఇంతకుముందు ఏ మందిచ్చితిరో వైద్యునికి దాచక చెప్పుడు. ఏలయన నొప్పిమందులును స్టీరాయిడులును ఒకదానితో నొకటి కలిసినచో కడుపులో రక్తస్రావమగు ప్రమాదము కలదు.

ఆహారము: కదలని కుక్కకు కడుపునిండ నేయియన్నము పెట్టుట ప్రేమ కాదు. పెరిగిన ప్రతి తులమును ఆ నడుమే మోయవలెను. ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేతికి తెలియునట్లుండుట తగిన బరువు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాకొలెటు ఎన్నడును పెట్టరాదు.

అంగమర్దనము: తొలి దినములలో వద్దు. వైద్యుడు సరేయన్న పిమ్మట, ఒక్కొక్క కీలును మెల్లగా ముడిచి చాపి, పాదపు అడుగుభాగమును నేలకు ఆనించి నిలుపుచు, దినమునకు రెండు మూడు మాఱులు చేయవలెను. నొచ్చినచో ఆపవలెను. నడుమును మాత్రము నులుమరాదు, విఱువరాదు. "నడుము పట్టినది, ఒక్క విఱుపుతో సరిచేసెదను" అనువారిచేతికి ఈయకుడు.

గడప దాటిన అత్తగారు

రెండవ వారమున నాకు జ్వరము తగిలినది. రాత్రి బెల్లమును ప్రక్క మార్చువేళకు లేవలేకపోతిని. తెల్లవాఱి త్రుళ్లిపడి లేచి అరుగుమీదికి పోగా, అత్తగారు గూటిప్రక్క పీట వేసికొని కూర్చుండియున్నారు. తొట్టిలో చీర మార్చియున్నది. నన్ను చూచి, "పండుకొనవే, రెండుమాఱులు త్రిప్పితిని. నడుమునొప్పి యెట్టిదో నాకు తెలియదా? పదియేండ్లనుండి మోయుచున్నాను. స్నానము చేసిన మడి తిరిగి వచ్చును" అనిరి. నాకు నోట మాట రాలేదు. మఱునాడు ఆమె తన పాత పట్టుపంచె చించి, లోపల దూది కుట్టి, రెండు పిడులు పెట్టి నడుముపట్టీ సిద్ధముచేసిరి. అంగడిలో కొన్నదానికన్న అదియే మెత్తగా నుండినది. ధర్మరాజు స్వర్గద్వారమున కుక్కను విడువననిన కథను మహాప్రస్థానిక పర్వమున ఆమె ఎన్నిమాఱులో చదివిరి. ఆనాటినుండి దానినిగూర్చి మాతో నొక్క మాటయు చెప్పలేదు. రాత్రి రెండవజామున లేచుట మాత్రము తమ వంతు చేసికొనిరి.

మూడవ వారమున పిల్లవాడు బడినుండి వచ్చి పిలువగా తోక కొన కదలెను. ఐదవ వారమున పట్టీ ఆధారముతో కాళ్లు నేలను తన్నినవి. రెండు మాసములకు తానై నిలిచెను. నేడు నడచుచున్నది, నడకలో తూలుట పోలేదు, మెట్లు ఎక్కనీయము. మంచములప్రక్క ఏటవాలు బల్లలు వేసితిమి. నున్నని పలకరాతి నేలపై జారకుండ పాత జంపఖానాలు పఱచితిమి. వర్షాకాలమున నేల తడిగా నున్నపుడు మా యింటిలో అందఱి కన్నులు దాని కాళ్లపైనే యుండును.

నడక రానిచో?

అన్ని కుక్కలును బెల్లమువలె తేఱుకొనవు. నడక రాకపోయినను, నొప్పి లేనిచో, మూత్రవిసర్జనము చేయించువారున్నచో, రెండు చక్రముల బండి కట్టించుకొని ఏండ్లకొలది సంతోషముగా బ్రదుకు కుక్కలు కలవు. కుక్క తన కాళ్లకై మనవలె విచారింపదు. ఎవరు వచ్చిరి, ఏమి తెచ్చిరి అనియే చూచును. కాని కొన్నిటిలో వెన్నుపాము మెత్తబడి, జీవము లేకపోవుట నడుమునుండి మెడవైపునకు ప్రాకి, తుదకు ఊపిరిని పట్టును. అట్టిదానికిని, ఏ మందునకును లొంగని వేదనగలదానికిని, వైద్యునిచేత నొప్పిలేని మరణమిప్పించుట క్రూరత్వముగాదు. ఆ నిర్ణయము మన శ్రమను తప్పించుకొనుటకా, దాని బాధను తప్పించుటకా యని మాత్రము మనస్సాక్షి నడుగవలెను.

వీధికుక్క దొరకినప్పుడు

వీధికుక్కలకు నడుము పడుట ఎక్కువగా బండ్ల తాకిడిచేతనే. అట్టిదానిని కాళ్లు పట్టి లాగరాదు. వెడల్పాటి పలకపైకి మెల్లగా జరిపి, గుడ్డతో పలకకు కట్టి, ఆ పలకతోనే గొనిపోవలెను. ఎంత సాధువైనను నొప్పితోనున్న కుక్క కఱచును. ఊపిరికి అడ్డు లేకుండ మూతిని గుడ్డపట్టీతో కట్టవలెను.

ఇంకొక హెచ్చరిక. టీకా చరిత్ర తెలియని కుక్క వెనుకకాళ్లు తూలుచు, చొల్లు కార్చుచు, గొంతు మారి అఱచుచున్నచో అది పిచ్చికుక్కరోగము కావచ్చును. ఆ రోగము అన్నివేళల కోపముగానే కనబడదు, పక్షవాతముగాను వచ్చును. దాని నోటిలో చేయి పెట్టకుడు, పిల్లలను దరిజేరనీయకుడు. జంతుసంరక్షణ సంఘమువారిని, పశువైద్యుని పిలువుడు. కఱచినను గీరినను ఆ తావును పదునైదు నిమిషములు పాఱు నీటితో సబ్బుపెట్టి కడిగి, తక్షణమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. ఇందులో ఉపేక్ష ప్రాణాంతకము.

తెనాలి సోదరినుండి నిన్న రెండవ జాబు వచ్చినది. వైద్యుడు వ్రేలు నొక్కగా కుక్క తల త్రిప్పి అఱచినదట. గూటికి ఏమి వాడవలెనని ఆమె యడిగినది. పైన వ్రాసియే యున్నాను. మఱియొక్క మాట చేర్చెదను. అమ్మా, నాలుగు వారములు నిండువఱకు, అది ఎంత జాలిగా చూచినను, ఆ తలుపు తీయకుడు.

నిమ్మకాయ ఊరగాయలనుగూర్చి వచ్చు మాసమున.